సముద్రం రాలేదు, అరిచింది నేనే

ఐదేళ్ళ కిందట ఒక ఉదయం, వైతికుప్పం అనే జాలరిపేట ఒడ్డున, సముద్రం లోపలికి వస్తోందని అరిచింది నేనే. సముద్రం రాలేదు. వస్తుందన్న అనుమానం కూడా నాకు లేదు. అబద్ధమని తెలిసే అరిచాను. ఈ నాలుగు మాటలు కాగితం మీద పెట్టడానికి ఐదేళ్ళు పట్టింది. పెట్టేశాక చూడండి, గుండె దడదడలాడుతోంది, ఎందుకో నవ్వు కూడా వస్తోంది. ఎవరైనా ఆ రోజు మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయ దొంగలాగా భుజాలు తడుముకుంటూ బతికినవాడిని. ఇవాళ ఆ కాయ మీ ముందు పెడుతున్నాను.

మీకే ఎందుకంటారా? మీరు నన్నెరగరు. నేను మిమ్మల్నెరగను. అదొక ధైర్యం. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను, కాబట్టి గబగబా చెప్పేస్తాను, మీరు అడ్డు రాకండి.

ముందు నా పని చెప్పాలి. నేను సినిమాలకు జనాన్ని తయారుచేస్తాను. రాజు మేడ మీదికి వస్తే కింద లక్షమంది జేజేలు కొడతారు చూడండి, ఆ లక్షలో తొంభైతొమ్మిది వేలమంది ఎక్కడా పుట్టలేదు. మా ఊళ్ళో సారం అనే పేటలో ఒక టైల్స్ కొట్టు పైన, రెండో అంతస్తులో కూర్చుని, కంప్యూటర్‌లో వాళ్ళని పుట్టించేది నేను. యాభై బొమ్మలు చేసి, వాటికి రకరకాల బట్టలు తొడిగి, పది రకాల నడకలు నేర్పి, మైదానం నిండా చల్లుతాను. స్నేహితులు నన్ను గొర్రెల కాపరి అంటారు. అననీండి. నా మాట విని మొదటిసారి పదివేలమంది ఒక్కసారిగా చేతులెత్తి లేచిన రోజున నేను కూడా కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నాకీ పని అంటే పిచ్చి. తప్పు ఎక్కడ మొదలైందని నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా, ఆ పిచ్చి దగ్గరికే వచ్చి ఆగుతాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఒక రాజుగారి రేవుపట్నాన్ని సముద్రం మింగేసే సినిమా మా ఆఫీసుకు వచ్చింది. అందులో పన్నెండు సెకన్ల షాటు ఒకటి. అల లేస్తుంది, ఒడ్డున ఉన్న నాలుగువేలమంది పారిపోతారు. మొదటిసారి ఒక షాటు మొత్తం నా ఒక్కడి చేతిలో పెట్టారు. నిద్రలో కూడా పరిగెత్తేవాణ్ణి. మా పై అధికారి ఆర్. ధనశేఖర్ సార్ చాలా మెత్తని మనిషి, గొంతు పెంచడు, అదే కష్టం. నా షాటు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, "బాగుంది తమ్ముడూ. కానీ వీళ్ళు పరుగుపందెంలో ఉన్నారు, భయంలో లేరు" అనేవాడు. పదకొండుసార్లు చేశాను. పదకొండుసార్లూ అదే మాట.

ఆయన చెప్పింది నిజమే. నీళ్ళకు దూరంగా పరిగెత్తండి అని నేను బొమ్మలకు చెప్పాను, అవి బుద్ధిగా పరిగెత్తాయి. వేగం మార్చాను, కొందరిని పడేశాను, కొందరి చేతులు నెత్తిన పెట్టించాను. ఏం చేసినా బడి వదిలిన పిల్లల్లాగే ఉన్నారు. భయపడ్డ జనం ఎలా పరిగెత్తుతారో నాకు తెలియదు.

తెలియదా? తెలిసి ఉండాలి. నాకు ఆరేళ్ళప్పుడు, సునామీ నాడు, సముద్రం నిజంగానే వైతికుప్పంలోకి వచ్చింది. ఆ రోజు నేను అక్కడే, మా మేనత్త సరోజత్త ఇంట్లో ఉన్నాను. నన్ను చంకనేసుకుని ఆమె పెద్దరోడ్డు దాకా పరిగెత్తింది. కానీ నేనేమీ చూడలేదు. నా ముఖం ఆమె మెడలో ఉంది. కొబ్బరినూనె వాసన, నా నెత్తికి టక్ టక్ మని తగులుతున్న ఆమె గడ్డం, అంతే గుర్తు.

కాబట్టి ఆ ఒడ్డుకే వెళ్ళాను. అత్త గవర్నమెంటు బడిలో ఆయాగా చేసి రిటైరైంది, మామ పోయాక ఒక్కతే ఉంటుంది. ఒడ్డుకు రెండు సందుల ఇవతల ఆమె ఇల్లు. తెల్లారి పడవలు వచ్చి చేపల వేలం మొదలైతే ఒడ్డంతా జనమే. మూడు రోజులు కెమెరా పట్టుకుని తీశాను. బేరాలాడారు, తిట్టుకున్నారు, గోక్కున్నారు. అన్నీ బాగున్నాయి, ఒక్కరూ పరిగెత్తలేదు. నాలుగో రోజే ఆఖరు. మర్నాడు సార్‌కు చూపించాలి, లేదంటే షాటు వేరేవాళ్ళకు పోతుంది.

ఆ ఉదయం అత్త పెనం పొయ్యి మీద పెడుతూ, చల్లారకముందే వచ్చి తినమంది. నీళ్ళ దగ్గర నిలబడి తీస్తాను, అరగంటలో వస్తానని చెప్పి బయటికి వచ్చాను. సందు చివర సగం కట్టిన ఇల్లొకటి ఉంది. పైనుంచి అయితే ఒడ్డంతా కనబడుతుందని తోచి, అందులోకి దూరి పైకెక్కాను. ఆ సంగతి అత్తకు చెప్పలేదు. చెప్పాలని తట్టలేదు.

అరవాలనే ఎక్కానా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. కాదు, కెమెరాలో జనాన్ని చూస్తూ చూస్తూ ఉండగా ఆ క్షణంలో నోట్లోంచి వచ్చేసింది, అని నాకు నేను చెప్పుకుంటాను. మరి రెండు కెమెరాలు ఎందుకు పెట్టాను? బ్యాటరీలు రెండుసార్లు ఎందుకు చూసుకున్నాను? కింది నుంచి కనబడకుండా స్తంభం వెనక్కి ఎందుకు జరిగాను? ఏమీ అనుకోనివాడికి ఇంత ముందుజాగ్రత్త ఎక్కడిది?

"కడల్ ఉళ్ళే వరుదు! ఓడుంగ!" అని అరిచాను. ఆ ఒడ్డు భాషలోనే, అరవంలో. సముద్రం లోపలికొస్తోంది, పరిగెత్తండి అని. రెండుసార్లు. వేరే ఊళ్ళో అయితే, ఎవడ్రా అది అని తలెత్తి చూసి నాలుగు తిట్లు తిట్టేవాళ్ళు. అక్కడ ఒక్కరూ తలెత్తలేదు. ఎవరు అరిచారని ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే సిగ్గు కలిగించే మాట చెప్పాలి. అద్భుతంగా ఉంది. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది. ముందు ఒక్క క్షణం అందరూ నిలబడిపోయారు. ఆ తర్వాత కూడా ఎవరూ వెంటనే పారిపోలేదు! తలలు తిప్పారు. సముద్రం వైపు కాదు, తమవాళ్ళ కోసం. పేర్లు పెట్టి పిలుచుకున్నారు. ఒక ముసలాయన తట్ట పట్టుకుని ఉన్నచోటే గిరగిరా తిరిగాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకరి కోసం ఒకరు పరిగెత్తి ఢీకొన్నారు. ఒకడు ఎడమచేతిలో చేప పట్టుకునే పరిగెత్తాడు, దాన్ని వదలాలని కూడా తెలియలేదు. కొందరు, వినండి, కొందరు సముద్రం వైపే పరిగెత్తారు. పిల్లలు నీళ్ళ దగ్గర ఆడుకుంటున్నారు మరి. ఇటు వచ్చే జనాన్ని తోసుకుంటూ ఆ తల్లులు అటు వెళ్ళారు. నా బొమ్మల్లో ఒక్కటీ అలా చేయలేదు. చేయాలని నాకు తట్టలేదు. దొరికింది, దొరికింది అనుకుంటూ ఆ మేడ మీద నేను గంతులేశాను.

అప్పుడే నా కింది సందులోంచి ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ బయటికి వచ్చింది. నాకు వీపే కనబడుతోంది. జుట్టు ముడి ఊడిపోయింది. చేతిలో అట్లకాడ. ఒడ్డున ఉన్న మనిషి కూడా కాదు, ఇంట్లో భద్రంగా ఉన్న మనిషి నేరుగా నీళ్ళ వైపు పరిగెత్తుతోంది! కెమెరాను ఆమె మీదికి తిప్పి దగ్గరికి లాగాను. వెళ్ళు తల్లీ, ఆగకు, పక్కకు పోకు, అని గొణుక్కున్నాను. ఆమె నీళ్ళ అంచుదాకా వెళ్ళింది. ఇటూ అటూ చూసింది. ఎవరినో పిలుస్తూ వెనక్కి తిరిగింది, పడవ తాడు కాలికి తగిలి పక్కకు పడింది. తిరిగినప్పుడు ముఖం కనబడింది. సరోజత్త. పిలుస్తున్నది నా పేరు.

నేనేం చేశానో చెబుతాను. రికార్డింగ్ ఆపాను. అది సేవ్ అయిందో లేదో చూసుకున్నాను. అప్పుడు దిగాను. నాలుగైదు సెకన్లకు మించి పట్టి ఉండదు. కేకైనా మరిచిపోతానేమో, ఆ నాలుగైదు సెకన్లు మరిచిపోలేను.

తుంటి ఎముక విరిగింది. గోరిమేడు దగ్గరున్న పెద్దాసుపత్రిలో ప్లేటు వేశారు. ఆటోలో నొప్పితో పళ్ళు కొరుక్కుంటూ ఆమె నన్నడిగింది ఒక్కటే, నీకేం కాలేదు కదరా అని. ఇంకొందరికి మోకాళ్ళు గీరుకుపోయాయి. ఎవడో తాగుబోతు పని అని వీధి తేల్చేసింది. నేను కూడా తలాడించాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఎలాంటిదైనా ఆ ఊరు మంచిదే, ఎవరూ నన్ను అనుమానించలేదు.

ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, ఆ షాటు మళ్ళీ చేశాను. ప్రతి బొమ్మకూ ఒక సొంతమనిషిని ఇచ్చాను. ముందు ఆ మనిషిని వెతుక్కోవాలి, దొరికాకే పారిపోవాలి. దొరక్కపోతే సముద్రం వైపైనా వెళ్ళాలి. అంతే! ఒక్క రాత్రిలో నాలుగువేలమంది మనుషులైపోయారు. సార్ చూశాడు. కళ్ళజోడు తుడుచుకోలేదు. లేచి వెళ్ళి ఆఫీసునంతా పిలుచుకొచ్చాడు. ఈ ఆలోచన ఎలా వచ్చింది తమ్ముడూ అన్నాడు. గమనించాను సార్ అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు సంతోషం కలిగిందా అంటే, కలిగింది. బాధతో కుంగిపోయానని మీకు చెబితే ఇంకో అబద్ధం అవుతుంది. స్వీటు డబ్బా కొనుక్కుని ఆసుపత్రికి పరిగెత్తాను. అత్త ఒక మైసూర్‌పాకు తీసి సగం నా నోట్లో పెట్టింది.

ఆమె మళ్ళీ మామూలుగా నడవలేదు. చేతికర్ర ఉండాలి, మెట్లు ఎక్కలేదు. బడి పిల్లల వెనక రోజంతా పరిగెత్తిన మనిషి. పైగా వీధిలో వేళాకోళం. అందరూ రోడ్డుకు పరిగెత్తితే సరోజ సముద్రానికి పరిగెత్తింది అని. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ ఆ ఎలుక పిల్లికి దోసెలు పోసి పెట్టింది.

సినిమా వచ్చింది. నా పని చూడాలని అత్త పట్టుబడితే తీసుకెళ్ళాను. మా షాటు తెర మీదికి రాగానే హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆమె మోచేత్తో నన్ను పొడిచింది.

"ఒరే, చూడు చూడు! అందురూ ఇట్లా పరిగెత్తతా ఉంటే ఆయమ్మ ఒకతె అట్లా పోతా ఉంది. నా మాదిరే పిచ్చిది!"

"అవునత్తా."

"నువ్వేనా చేసింది ఆయమ్మని?"

"నేనే."

"యాడికి పోతా ఉంది అది?"

"దాని బిడ్డ నీళ్ళకాడ ఉండాడనుకోని పోతా ఉంది."

"ఉండాడా?"

ఎందుకన్నానో తెలియదు. "లేడత్తా. వాడు మేడ మీద ఉండాడు" అన్నాను.

అత్త తెర వైపే చూస్తోంది. అప్పటికే వేరే దృశ్యం వచ్చేసింది.

"అయ్యో పాపం" అంది. "ఎవురన్నా ఒకరు ఆయమ్మకి చెప్పగూడదా?"

ఆ రోజు చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పలేదు. ఇంకో పిరికితనం కూడా ఒప్పుకోవాలి. ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నానో తెలుసా? మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతాం, చదువులు అరవంలో. హైదరాబాదులో ఒక ఏడాది పనిచేసినప్పుడు నేను ఈ అక్షరాలు నేర్చుకున్నాను. అత్తకు ఒక్కటీ రాదు. ఆమె చేతికి దొరికినా ఆమె చదవలేని రాతలో ఒప్పుకుంటున్నాను. అదేం ఒప్పుకోలు?

ఇప్పుడు ఆమె ఇంట్లోనే కూర్చున్నాను. ఆదివారం, మధ్యాహ్నం. కర్ర గోడకు ఆనించి, గడప దగ్గర పీట మీద కూర్చుని రొయ్యలు వలుస్తోంది. ఇవాళ నోటితోనే చెప్పేయాలి. క్షమించమని అడగను, ఆ హక్కు నాకు లేదు. ఏమంటుందో తెలియదు. ఇంటి గడప తొక్కవద్దంటుందేమో. అయినా చిత్రంగా ఉంది, ఆ మేడ మీద కొట్టుకున్నట్టే గుండె కొట్టుకుంటోంది, ఈసారి దాక్కోవడానికి స్తంభం లేదు.

"ఏందిరా, పొద్దట్నుంచి రాస్తానే ఉండావు. నవ్వుతావు, కండ్లు తుడుచుకుంటావు" అంటోంది. "చదువు, నేనూ వింటా."

రొయ్యల గిన్నె పక్కకు జరిపి, చేతులు కడుక్కుని, నా వైపు తిరిగి కూర్చుంది. మొదటి వాక్యం నుంచి చదువుతాను.