బ్యాటరీలు లేని పీప్సర్

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. హాస్టల్లో ఎవరైనా అలాంటిది మొదలుపెడితే "నువ్వు కళ్ళారా చూశావా, ఎవరో చెప్తే విన్నావా?" అని అడిగి నోరు మూయించేదాన్ని. ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. హానోవర్‌లో ఒక కంపెనీలో కొలత పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించడం నా పని. పరికరం చెప్పేది నిజమా, కాదా అని తేల్చడానికే నాకు జీతమిస్తారు. ఇది చదివి ఎవరైనా నన్ను ఆ హాస్టల్ ప్రశ్నే అడిగితే, కళ్ళారా చూశాను అనే చెప్పాలి.

మా ఆయన మురళిది విజయవాడ. మేం జర్మనీ వచ్చి తొమ్మిదేళ్ళయింది. మొదటి రెండు చలికాలాలు హీటర్ పక్కనుంచి కదల్లేదు. తర్వాత హార్ట్స్ కొండల్లో నేను స్కీయింగ్, మురళి స్నోబోర్డింగ్ నేర్చుకున్నాం. లిఫ్టులో పైకి పోవడం, మెషిన్లతో చదును చేసిన దారిలో జారడం, మళ్ళీ లిఫ్టు క్యూలో నిలబడడం. కొన్నాళ్ళకి విసుగొచ్చింది. లిఫ్టు లేని కొండని సొంత కాళ్ళతో ఎక్కి, ఎవరూ తొక్కని మంచులో దిగాలన్న పిచ్చి పట్టుకుంది. అందుకోసమే మా ఊళ్ళో కొండలెక్కేవాళ్ళ ఫెరైన్‌లో చేరాం. ఇక్కడ ప్రతిదానికీ ఒక సంఘం ఉంటుంది, దాన్నే ఫెరైన్ అంటారు.

సామాను ఎంచుకునే పని మురళి నాకు అప్పగించాడు. అప్పగించకపోయినా లాక్కునేదాన్ని. ఎక్సెల్ షీటు తెరిచాను. ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు, చెమటకి తడిస్తే ఇక ఆరదు. అందుకని మెరీనో ఉన్ని. దానిమీద పల్చటి ఫ్లీసు. ఆపైన గాలినీ నీళ్ళనీ లోపలికి రానివ్వని జాకెట్టు, దాని టోపీ హెల్మెట్ మీదికి వచ్చేంత వెడల్పుండాలి. గ్లవ్స్ రెండు జతలు, ఎక్కేటప్పుడు పల్చనివి, దిగేటప్పుడు మందమైనవి. స్కీల అడుగున అంటించుకునే బొచ్చు పట్టీలు ముందుకి జారనిస్తాయి, వెనక్కి జారనివ్వవు. మురళికి నిలువుగా రెండుగా విడిపోయే స్నోబోర్డు. ఎక్కేటప్పుడు అవి రెండు స్కీలు, పైన కలిపేస్తే ఒకటే బోర్డు.

బూట్లు తొడిగించి దుకాణంలో మెట్లమీద అరగంట ఎక్కించి దింపాను. అమ్మే ఆవిడ నవ్వాపుకుంటోంది.

"పెళ్ళిచూపుల్లో కూడా నాకు ఇన్ని పరీక్షలు పెట్టలేదు కదే" అన్నాడు మురళి.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పీప్సర్ దగ్గర ఆగాను. అది పాస్‌పోర్టంత పెట్టె. జాకెట్టు లోపల ఛాతీకి కట్టుకోవాలి. నడుస్తున్నంతసేపూ అది సంకేతం పంపుతూనే ఉంటుంది. ఎవరైనా మంచుకింద కూరుకుపోతే మిగిలినవాళ్ళు తమవి పంపడం ఆపేసి వెతికే పద్ధతిలోకి మారుస్తారు. అప్పుడు తెరమీద బాణం గుర్తు, మీటర్లలో దూరం కనిపిస్తాయి. పావుగంట లోపల తవ్వి తీయగలిగితే మనిషి దక్కుతాడని ఫెరైన్ శిక్షణలో మాకు నేర్పారు. రెండు పీప్సర్లూ ఒకే రకానివి కొన్నాను.

ఇక్కడ మురళి గురించి ఒక సంగతి చెప్పాలి. కొత్త వస్తువు ఏదీ రాహుకాలంలో మొదలుపెట్టడు. నమ్మకమా అంటే కాదంటాడు, అమ్మకి మాటిచ్చానంటాడు. హానోవర్‌లో ఫ్లాటు తాళాలు చేతికొచ్చిన రోజు, సూట్‌కేసులతో సహా నన్ను గంటసేపు మెట్లమీద కూర్చోబెట్టాడు. చలికాలంలో ఇక్కడ ఎనిమిదింటికి గానీ తెల్లారదు. ఈయన మాత్రం విజయవాడ క్యాలెండర్‌లో టైము చూసి జర్మనీ గడియారంలో పాటిస్తాడు. "మా ఇంట్లో రాహువుక్కూడా బ్లూకార్డు వీసా వచ్చింది" అని తెలుగువాళ్ళు కలిసిన ప్రతిచోటా చెప్పి నవ్వించేదాన్ని. అందరితోపాటు మురళీ నవ్వేవాడు. కానీ ఆ తర్వాత అలాంటివి నాకు చెప్పడం మానేశాడని నేను గమనించలేదు.

గత జనవరిలో ఒక శుక్రవారం ఆల్గోయ్ కొండలకి బయల్దేరాం. దాదాపు ఏడువందల కిలోమీటర్లు మురళే కారు నడిపాడు, గెస్ట్‌హౌస్ చేరగానే పడి నిద్రపోయాడు. కొత్త పీప్సర్‌లో బ్యాటరీలు వేయలేదన్న సంగతి శనివారం పొద్దున కొండకింద పార్కింగ్‌లో గుర్తొచ్చిందట. అప్పటికి తొమ్మిది దాటింది. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. పదిన్నర దాటాక దారిలో ఒక గుడిసె దగ్గర ఆగుతామని తెలుసు కాబట్టి, బ్యాటరీలు అక్కడ వేసుకుందామని కవరు విప్పకుండానే వీపుసంచి పైజేబులో పెట్టుకున్నాడు. నాకు చెబితే ఏమంటానో తెలుసు. అందుకే చెప్పలేదు. ఇదంతా నాకు ఆ తర్వాత తెలిసింది.

మొత్తం ఆరుగురం. ముందు నడిపించేది యూర్గెన్, అరవై దాటిన మనిషి, మాటలు తక్కువ. బయల్దేరేముందు ఆయన ఎదురుగా ఒక్కొక్కరం నడిచి వెళ్ళాలి, ఆయన చేతిలో పీప్సర్ ప్రతి ఒక్కరి సంకేతాన్నీ అందుకోవాలి. మురళి వంతు వచ్చినప్పుడు కూడా అది మోగింది. "గుట్, వైటర్" అన్నాడు యూర్గెన్, బాగుంది, పద అని. ముందు నడిచినామె సంకేతం తగిలి ఉంటుందిలే, బతికిపోయాననుకున్నాడట మురళి. నా ఉద్దేశమూ అదే. ఇందులో వింతేమీ లేదు.

ఎక్కడం మొదలైన పావుగంటకే పొగమంచు దిగింది. కొండా ఆకాశమూ కలిసి ఒకటే తెలుపు. కాళ్ళు కదులుతున్నాయిగానీ ఎక్కడికీ పోతున్నట్టు లేదు. స్కీల కింద పట్టీలు మంచును రాస్తున్న చప్పుడు, నా ఊపిరి, అంతే. ఆ ఊపిరి నాది కాదేమో, పక్కనే ఇంకెవరో నడుస్తున్నారేమో అనిపించేది. భయం మాత్రం లేదు. నిద్ర పట్టబోయే ముందుండే హాయిలాంటిదేదో ఒళ్ళంతా పాకింది. ఇలా సాయంత్రం దాకా నడిచినా బాగుండును అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఒక వాలు దగ్గర యూర్గెన్ ఆగి, మనిషికీ మనిషికీ మధ్య ముప్పై అడుగులు వదిలి దాటమన్నాడు. నాకు ముందు మురళి. పొగమంచులో మనిషి కనబడడు, అతని జాడ మాత్రం తెలుస్తోంది. ఆ రెండు గీతలు చూసుకుంటూ నడుస్తున్నాను. ముందెక్కడో మెత్తటి చప్పుడొకటి వినిపించింది, పైఅంతస్తులో ఎవరో పరుపు కింద పడేసినట్టు. తర్వాత అంతా నిశ్శబ్దం. ఇంకో నాలుగడుగులు వేశాక గీతలు ఆగిపోయాయి. వాటి అవతల నేలే లేదు, మంచు పలకలా విరిగి కిందికి జారిపోయింది.

మురళీ అని అరిచాను. ఆ తెలుపు నా గొంతుని దూరం పోనివ్వలేదు.

యూర్గెన్ వెనక్కి వచ్చాడు. అందరివీ వెతికే పద్ధతిలో పెట్టించి, ఒక్కొక్కరి తెర తనే చూశాడు. అంటే మా ఐదుగురిలో ఎవరి పీప్సరూ సంకేతం పంపడం లేదు. ఫోన్లు పార్కింగ్‌లోనే ఆపేయించాడు. ఈ వివరాలు ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత వీటిని లెక్కలేనన్ని సార్లు సరిచూసుకున్నాను.

నా తెరమీద ముప్పై ఒకటి వచ్చింది. బాణం ఎడమవైపు. మోకాళ్ళలోతు మంచులో దిగాను. ఇరవై ఆరు. పంతొమ్మిది. మంచుమీద పడి ఉన్న మురళి వీపుసంచి కనబడింది. నీళ్ళు తాగుదామని ఒక భుజం నుంచి తీశాడట, జారేటప్పుడు ఊడిపోయింది. దాన్ని దాటుకుని పోయాను. పన్నెండు. ఎనిమిది. ఆ అంకెలు ఒకసారైనా తడబడలేదు. పని చేసే చోట కూడా ఇంత నిలకడైన సంకేతం ఎప్పుడూ చూడలేదు. ఏడుపు రాలేదు, ఆలోచన రాలేదు. ఆ తెల్లదనంలో ఎవరో చిటికెనవేలు పట్టుకుని నడిపిస్తుంటే పోతున్నట్టు పోయాను.

ఒకటీ పాయింట్ రెండు దగ్గర అంకె ఆగింది. నా వెనకే వచ్చిన యూర్గెన్ తెరమీదా అదే అంకె. "ఒకే సంకేతం" అన్నాడు జర్మన్‌లో. పొడవాటి కర్ర గుచ్చితే మెత్తగా తగిలింది. తవ్వాం. ముందు ఎర్రటి హెల్మెట్, తర్వాత ముఖం. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి ఉంది. జారిపడ్డప్పటినుంచి పదకొండు నిమిషాలని యూర్గెన్ గడియారం చూసి చెప్పాడు. అప్పుడు ఏడ్చాను, పసిపిల్లలా నోరు తెరిచి ఏడ్చాను.

మురళి కళ్ళు తెరిచాడు.

"శిరీ, ఎట్లా కనుక్కున్నావ్? నేను బ్యాటరీలు వేయలేదుగా" అన్నాడు.

మతి తప్పి మాట్లాడుతున్నాడనుకున్నాను. జాకెట్టు జిప్పు తీసి పీప్సర్ చూశాను. తెర నల్లగా ఉంది. స్క్రూ బిగించిన వెనకమూత తీశాను. మూడు ఖాళీ అరలు. యూర్గెన్ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, గ్లవ్ విప్పి, ఒక్కొక్క అరలో వేలు పెట్టి చూశాడు. మూత బిగించి నాకిచ్చేశాడు. సహాయ దళం వచ్చేదాకా మురళి పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాడు.

రెండు పక్కటెముకలు చిట్లాయి, ఎడమ మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో మర్నాడు నేను అడక్కుండానే మురళి చెప్పాడు.

"లోపల చీకటిగా ఉంది. జాకెట్టు మెడ సందులోంచి ఎర్రగా చిన్న లైటు కనబడింది. వెలుగుతా ఆరతా ఉంది. దాంతోపాటే ఊపిరి తీసుకున్నా. కల వచ్చిందనుకున్నాలే."

"బ్యాటరీల సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మళ్ళీ అందరిముందూ ఎగతాళి చేస్తావని."

అతని కుడిచెయ్యి పట్టుకుని క్షమించమని అడిగాను. పదేళ్ళ కాపురంలో అంత సూటిగా అడగడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చాక ఆ పీప్సర్‌ని మా ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. బయటి సంకేతాలు చొరబడని గదిలో పెట్టి, మా మేనేజరు అనుమతితో మూడు శనివారాలు పరీక్షించాను. బ్యాటరీలు వేస్తే కంపెనీవాళ్ళు చెప్పినట్టే పనిచేస్తుంది. తీసేస్తే ఏమీ లేదు. గడ్డకట్టేంత చలిలో పెట్టి చూశాను, తడిపి చూశాను, పక్కన ఫోన్లు పెట్టి చూశాను. ఏమీ లేదు. ఫోను వల్ల తప్పుడు సంకేతాలు రావచ్చు. అవి ఎగుడుదిగుడుగా గెంతుతాయి, ముప్పై మీటర్లనుంచి మనిషి దగ్గరికి తిన్నగా తీసుకుపోవు. కొండమీద వేరే ఎవరి పీప్సరో ఉందనుకుందామా? ఉంటే మురళి మీదే ఉండాలి. లేదు.

మా అత్తగారికి ఏ సందేహమూ లేదు, ఫోన్‌లో విన్న మరుక్షణమే దేవుడికి దండం పెట్టుకున్నారు. యూర్గెన్‌కి ఫోన్ చేసి అడిగితే, తన తెరమీద కూడా ఒకటీ పాయింట్ రెండే చూశానని, అంతకుమించి తనకేమీ తెలియదని అన్నాడు. నాకూ అంతే తెలుసు. ఆ పొద్దున సంకేతం పంపింది ఏమిటో నేను చెప్పలేను. చెప్పగలననే ఆశ కూడా ఇప్పుడు లేదు.

మురళి అప్పుడప్పుడూ అంటుంటాడు, ఆ రోజు నీకు ముందే చెప్పాల్సింది అని. నన్ను వదలనిది వేరే ఉంది, ఆ వీపుసంచి. మంచుమీద ఏదైనా వస్తువు కనబడితే ముందు ఆగి అక్కడ చూడమని శిక్షణలో మొదటిరోజే నేర్పారు. నేను నియమం తప్పే మనిషిని కాదు. ఆ రోజు ఎందుకు ఆగలేదో తెలియదు. ఆగి పైజేబు తెరిచి ఉంటే, కవరు కూడా విప్పని ఆ బ్యాటరీలు కనబడేవి. నా సంగతి నాకు బాగా తెలుసు. బ్యాటరీలు లేని పరికరం సంకేతం పంపదు, ఈ అంకె తప్పు, అని ఆ క్షణమే తేల్చేసేదాన్ని. యూర్గెన్‌ని కూడా ఒప్పించేదాన్ని. అందరం ఆ సంచి చుట్టూ కర్రలు గుచ్చుతూ ఉండిపోయేవాళ్ళం. ఎక్కడా ఏ పొరపాటూ చేయకుండా, సరిగ్గా ఆలోచించి మురళిని పోగొట్టుకునేదాన్ని.