ఇరవై ఆంప్స్ అని రాసి ఉన్న తీగ

పురానాపూల్ దగ్గర మాకో రిపేరు దుకాణం ఉంది. మిక్సీలు, ఇన్వర్టర్లు, ఈమధ్య బ్యాటరీ ఆటోలు కూడా చూస్తున్నాం. మా బాపు పెట్టిన దుకాణమే. ఆయన చూపు మందగించాక నేను కూర్చోవడం మొదలుపెట్టాను. తొలి రోజుల్లో గిరాకీలు లోపలికి తొంగిచూసి, "మిస్త్రీ లేడా?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు "అక్కా" అని పిలిచి, సామాను నా చేతుల్లోనే పెట్టి పోతున్నారు.

ఒకరోజు పొద్దున్నే ఒక బ్యాటరీ ఆటో వచ్చింది. చార్జింగ్ సగం రోజు కూడా ఆగడం లేదని నడిపే అతని బాధ. వెనక చక్రాలు నేల తాకకుండా జాకీ మీద లేపాం. మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూద్దామని, బ్యాటరీ నుంచి పోయే దారిలో నా మల్టీమీటర్ కలిపాను. మీటర్‌కు ఉండే ఎర్ర తీగ, నల్ల తీగ కొత్తవి. నెల కింద బేగంబజార్‌లో కొన్నవి. పిడి మీద ఇరవై ఆంప్స్ అని తెల్లటి అక్షరాల్లో రాసి ఉంది.

ఆటో అతన్ని మోటారు నెమ్మదిగా తిప్పమన్నాను. మీటర్ తొమ్మిది చూపించింది. చక్రాలు గాల్లో ఉన్నప్పుడు అది ఎక్కువే. తగ్గుతుందేమో, పెరుగుతుందేమో అని అంకెల మీదే కళ్లు పెట్టి కూర్చున్నాను. నాలుగైదు నిమిషాలైనట్టుంది.

"అక్కా, నీ వైరు వంగుతున్నది," అన్నాడు అతను.

చూస్తే ఎర్ర తీగ ఉడికిన సేమ్యాలాగా వేలాడుతోంది. గబుక్కున లాగబోయాను. ప్లాస్టిక్ బొటనవేలికి అంటుకుంది. పెద్ద గాయమేం కాదు. అతనే తన నీళ్ల సీసా తెచ్చి వేలి మీద పోశాడు. "నా బండి సంగతి తర్వాత చూద్దువు గానీ, ముందు వేలు చూస్కో," అని ఆటో అక్కడే వదిలి వెళ్లాడు.

వేలి మంట కంటే నన్ను ఎక్కువ సతాయించింది ఇంకో సంగతి. ఆ తీగలు నేను ఆరు జతలు కొన్నాను. మూడు ఉంచుకుని, మిగతావి మా వైపు పనిచేసే ముగ్గురు వైర్‌మెన్లకు ఇచ్చాను. మంచివి, తీసుకోండి అని నా నోటితోనే చెప్పాను.

కాలిన తీగను సంచిలో వేసుకుని ఆ మధ్యాహ్నమే బేగంబజార్ వెళ్లాను. స్విచ్చులు, హోల్డర్లు, వైర్ల చుట్టలు హోల్‌సేల్‌గా అమ్మే సేటు దుకాణం అది. మా బాపు సామాను తెచ్చింది కూడా అక్కడినుంచే. సేటుకు డెబ్బై ఏళ్లు దాటాయి. ఫోన్లో వచ్చే ఆర్డర్లన్నీ ఆయన కోడలు చూస్తుంది. సేటు కళ్లజోడు పెట్టుకుని తీగను వెలుతురులో తిప్పి చూశాడు.

"ఏం చేసినవ్ బిడ్డా దీన్ని? పొయ్యి మీద గిట్ల పెట్టినవా?"

"తొమ్మిది ఆంప్స్ పెట్టిన సేట్. గంతే. దీని మీదనేమో ఇరవై అని రాసి ఉన్నది."

"రాసినోడు ఊకెనే రాస్తడా?"

"ఊకెనే రాసిండు."

కోడలు బిల్లు బుక్కు అడ్డం పెట్టుకుని నవ్వింది. సేటు నవ్వలేదు. తీగను బల్ల మీద పెట్టి, "మా నాయన కాలం సంది ఖరాబ్ మాల్ అమ్మలే. నువ్వు చెప్తే నమ్మ అని కాదు. నా కండ్లతోని చూస్త. నా ముంగట పెట్టి చూపియ్యి," అన్నాడు.

ఆదివారం బజారు బంద్. ఆ రోజు మధ్యాహ్నం సేటు దుకాణం ముందే పెట్టుకుందామనుకున్నాం. మా దుకాణంలోని ఇన్వర్టర్ బ్యాటరీని మోయడం నావల్ల కాదు. సేటు దగ్గర ఏళ్ల తరబడి మూటలు మోస్తున్న హమాలీ తన తోపుడుబండి వేసుకుని పురానాపూల్ దాకా వచ్చాడు. నా వయసువాడే. దారి పొడుగునా ప్రశ్నలే. "కరెంట్ ఎక్కువైతే వైరుకెందుకు వేడి?" అన్నాడు. ఇరుకు సందులోంచి ఒకేసారి వందమంది పోవాలంటే ఎట్లుంటది, అన్నాను. "అరే, పండుగ ముందు మన బజారే," అని అతనే జవాబు చెప్పుకున్నాడు.

సేటు దుకాణం ముందు పరిచిన షాబాద్ బండ మీద అన్నీ అమర్చాను. పన్నెండు వోల్టుల బ్యాటరీ, చెక్కపలక మీద బిగించిన నాలుగు కారు హెడ్‌లైట్ బల్బులు, మధ్యలో ఫ్యూజు, ఒక స్విచ్చు. ఒక్కో బల్బు వెలిగిస్తే దాదాపు ఐదు ఆంప్స్ పెరుగుతాయి. ఆ కరెంటంతా పరీక్షించే తీగ గుండానే పోవాలి. ఈ బ్యాటరీ షాక్ కొట్టదు గానీ తీగ కాలితే నిప్పు నిప్పే. అందుకని పక్కన బకెట్ ఇసుక పెట్టించాను, తీగను ఎవరూ ముట్టుకోవద్దన్నాను. తీగ చుట్టూ దవడలా మూసుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటర్, వేడి కొలిచే ఇంకో మీటర్ బయటికి తీశాను.

సేటు రెండింటినీ చూసి తల అడ్డంగా ఊపాడు. "మీటర్ వైరు మంచిదా కాదా అని మళ్ల మీటర్‌నే అడుగుతున్నవ్. అది దాని చుట్టం. నాకు కండ్లకు కనబడాలె."

ఉపాయం కోడలు చెప్పింది. "మామయ్యా, కొవ్వొత్తి మైనం బొట్లు పెడదామా? వేడైతే అదే కరుగుతది."

నాకు అది మస్తు నచ్చింది. ప్రతి తీగకూ మూడు చోట్ల మైనం బొట్టు పెట్టాం. పిడి దగ్గర, నడుమ, మీటర్‌లో గుచ్చే పిన్ను దగ్గర.

మొదట ఇరవై ఆంప్స్‌వాడిని కూర్చోబెట్టాను. ఒక బల్బు వెలిగితే ఏం కాలేదు. సేటు నా వైపు చూశాడు. రెండో బల్బు వేశాను. క్లాంప్ మీటర్ తొమ్మిదిన్నర చూపించింది. రెండు నిమిషాలు గడిచాక నడుమనున్న మైనం మెరిసింది, పక్కకు జారింది. "పడ్డది," అన్నాడు హమాలీ. మూడో బల్బుకు వాసన లేచింది, తీగ బండకు అతుక్కుంది. స్విచ్చు ఆపేశాను.

చల్లారాక తీగను కోసి చూపించాను. పైన లావుగా ప్లాస్టిక్, లోపల పది పన్నెండు సన్నటి పోగులు. పాత స్పీకర్ అయస్కాంతం దగ్గర పెడితే పోగులు టక్కున లేచి అంటుకున్నాయి. సేటు అయస్కాంతం నా చేతిలోంచి తీసుకుని తనే రెండుసార్లు చేశాడు.

"రాగికి అంటదు కదా ఇది?"

"అంటదు సేట్. పైన రాగి పూత. లోపల ఇనుము."

ఆయన లోపలికి వెళ్లి, అవే తీగలున్న డబ్బా తెచ్చి హమాలీ బండి మీద పెట్టాడు. "ఇది లోపలికి పోవద్దు," అన్నాడు.

తర్వాత ఇంకో రకం పెట్టాం, మామూలు నల్లటివి, పది ఆంప్స్ అని రాసినవి. రెండు బల్బులకు ఎంతసేపైనా బొట్లు కదల్లేదు. మూడో దానికి మెల్లగా కరిగాయి. చెప్పినంత పని చేశాయి, పాపం.

ఇక నా వంతు. సొంతానికి తెప్పించుకున్న మెత్తటి సిలికాన్ తీగలు నావి. ఎవరినీ ముట్టుకోనివ్వను. వాటి గురించి కాస్త గొప్పలు చెప్పాననే ఒప్పుకోవాలి. నాలుగు బల్బులూ వెలిగించాను. బండ మీద ఎండకు పోటీగా వెలుగు. నడుమ బొట్టు అట్లాగే ఉంది. సేటు మెచ్చుకోబోయాడు. అంతలో పిన్ను దగ్గరి బొట్టు నీళ్లయిపోయింది, పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది.

"అక్కా, నీది గూడ పడ్డది," అన్నాడు హమాలీ, ఎంతో మర్యాదగా.

విప్పి చూస్తే తీగ బంగారంలాంటిదే. పిన్నుకు కలిపిన చోట సరిగ్గా నొక్కలేదు. ఇన్నేళ్లూ నేను తీగ లావు మాత్రమే చూసి కొన్నాను. అతుకు సంగతి ఎన్నడూ ఆలోచించలేదు.

అప్పటికే సిగ్గుపడి ఉన్నాను. ఇంతలో కోడలు నా మల్టీమీటర్‌ను చేతిలోకి తీసుకుంది. "అక్కా, వైరు గుచ్చే ఈ రంధ్రం పక్కన చిన్నగ ఏందో రాసి ఉన్నది. పది ఆంప్స్, పది సెకన్లు. ఆనక పదిహేను నిమిషాలు ఆగాలె అని. నువ్వు మొన్న ఎంతసేపు పెట్టినవ్?"

ఆ మీటర్ ఆరేళ్లుగా నా దగ్గరుంది. ఆ అక్షరాలు రోజూ చూస్తూనే ఉన్నాను. ఒక్కనాడూ చదవలేదు.

"నాలుగైదు నిమిషాలు," అన్నాను.

సేటు అప్పుడు నవ్వాడు. కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చేంతగా నవ్వాడు. "రాసింది నేను నమ్మిన. రాసింది నువ్వు చదవలే. ఇద్దరం ఇద్దరమే బిడ్డా. కూసో, చాయ్ తాగుదాం." హమాలీ ఇరానీ హోటల్ నుంచి చాయ్ తెచ్చాడు. బల్బుల వెలుగు చూసి ఆగిన నలుగురైదుగురికి కూడా తెచ్చాడు.

సోమవారం ఆటో పని క్లాంప్ మీటర్‌తో చేశాను. దేన్నీ విప్పకుండా, తీగ చుట్టూ పెట్టి ఎంతసేపైనా చూడొచ్చు. వెనక బ్రేకు ఒకటి పట్టేసి ఉంది. మోటారు దానితో కుస్తీ పడుతోంది. బ్రేకు వదులు చేస్తే కరెంటు నాలుగుకు దిగింది. రెండు రోజులకు ఆటో అతను మళ్లీ వచ్చి, "ఇప్పుడు పొద్దుగూకేదాక నడుస్తున్నది," అని చెప్పి, నా వేలు చూపించమని అడిగి పోయాడు.

సేటు ఇనుప తీగల డబ్బాను వచ్చినచోటికే పంపించాడు. కొత్తగా ఏ రకం వచ్చినా అమ్మేముందు ఒక జత నాకు ఇస్తాడు, మైనం బొట్లు పెట్టి చూసి చెప్పమంటాడు. కోడలు ఒక చీటీ అచ్చు వేయించి ప్రతి జతకూ అంటిస్తోంది. పది ఆంప్స్ దాటొద్దు, పది సెకన్లు దాటొద్దు, అంతకంటే ఎక్కువైతే క్లాంప్ మీటర్ వాడాలె అని. తెలుగు, హిందీ, ఉర్దూ, మూడింట్లోనూ.

వైర్‌మెన్లు మిగిలారు. ఇద్దరు మాట్లాడకుండా పాతవి ఇచ్చి కొత్తవి తీసుకున్నారు. మూడో అతను మాత్రం లొల్లి పెట్టాడు. "నేను వోల్టేజే చూస్త అక్కా, కరెంట్ కొలవనే కొలవ. నాకేం ఫికర్ లేదు. మంచిగున్నయ్ ఇవి, గట్లనే ఉండనియ్యి."

"ఇనుమును రాగి అని అమ్మినోడు, పైన ప్లాస్టిక్ మాత్రం మంచిది ఏసిండని ఎట్ల నమ్ముతవ్? షాక్ కొట్టకుండ నువ్వు పట్టుకునేది ఆ ప్లాస్టిక్‌నే కదా," అన్నాను.

అతను తన చేతిలోని ఎర్ర పిడి వైపు చూశాడు. తర్వాత రెండు తీగలనూ చుట్టి నా బల్ల మీద పెట్టి, "పిన్ను గట్టిగున్నవే ఇయ్యి," అన్నాడు. పిన్ను లాగి చూసే ఇచ్చాను.