రంగం పైడయ్య పెంచిన పచ్చిక

"ఆ గడ్డిలో పాముంటే మనకి కనపడుతుందా, పైడయ్యా? పిల్ల పాక్కుంటూ పోయి దాని మీద చెయ్యి వేస్తే?"

పైడయ్య కొడవలి ఆపి వెనక్కి తిరిగి చూశాడు. వరండా మెట్టు మీద జోగారావు పిల్లని రెండు చేతులా అదుముకుని నిలబడి ఉన్నాడు. కిందికి దిగాలని పిల్ల కాళ్ళు కొట్టుకుంటోంది.

అరకు లోయలో కాఫీ మొక్కలు బతుకుతాయో లేదో చూద్దామని సర్కారు వారు ఒక చిన్న తోట వేయించారు. ఆ మొక్కల ఆకుల్ని భూతద్దంతో చూసి, ఏ పురుగు పట్టిందో పైవాళ్ళకి తెలియజెయ్యడం జోగారావు ఉద్యోగం. విజయనగరంలో సైన్సు చదువుకున్నవాడు. చదువు వల్ల అతనికి ఒరిగిందేమిటంటే, మామూలు తండ్రికి నాలుగు భయాలుంటే ఇతనికి నలభై. పిల్ల తాగే నీళ్ళు మరగకాచాలి, చల్లారాక మళ్ళీ కాచాలి. దోమతెర చిల్లుల్ని తనే కుట్టుకునేవాడు. "బాబుగోరు గుంటపిల్లకి గాలిని కూడా గుడ్డలో వడగట్టి పడతారు" అని తోటలో కూలీలు నవ్వుకునేవారు. ఆ మాట ఒకనాడు అతని చెవిన పడింది. అప్పటినించి భయమేస్తే పైకి అనడం మానేశాడు. ఒక్క పైడయ్య దగ్గరే అనేవాడు. పైడయ్య నవ్వడు గనక.

"పొడుగు గడ్డిలో కనపడదు బాబూ," అన్నాడు పైడయ్య. "దొరల గడ్డిలో కనపడతాది. ఏలెడు మించి ఎదగనివ్వం గదా. సీమ పాకితే కనపడతాది, పాము కనపడదేటి? రంగంలో మా దొర బంగళా ముందర నేను పెంచినదే. సైత్రమాసం నాటికి ఇక్కడా సేసి పెడతాను. గుంట దానిమీదే నడక నేరుత్తాది."

అనేసి మళ్ళీ కొడవలి అందుకున్నాడు. చెవులు మాత్రం వేడెక్కాయి. ఆ దొరా, ఆ బంగళా ఉన్న మాట నిజమే. వాటికీ తనకీ మధ్య ఇనుప గేటు ఒకటి ఉండేది.

పైడయ్యది పాచిపెంట దగ్గర పల్లె. వానలు ఎగ్గొట్టిన ఏడు, మీసం వచ్చీరాని వయసులో, అందరితోపాటు ఓడెక్కి బర్మా దేశం, రంగూను పోయాడు; ఊళ్ళో దాన్ని రంగం అంటారు. "మేస్త్రీనయ్యే తిరిగొత్తాను" అని ఊరందరి ముందూ చెప్పి మరీ పోయాడు. అక్కడ బియ్యం మిల్లు నించి పడవలకి మూటలు మోశాడు. మోసినన్నాళ్ళూ మూటలే మోశాడు. మిల్లుకి పోయే దారిలో ఒక దొర బంగళా. గేటు ఊచల్లోంచి పచ్చిక కనిపించేది, తడిపి ఆరేసిన పట్టుచీరలా. ఒకనాడు కాస్సేపు ఎక్కువ నిలబడి చూస్తే దర్వాను కర్ర ఎత్తాడు. ఆ పచ్చికతో అతని పరిచయం అంతే.

తిరిగొచ్చాక పల్లెలోకి అడుగుపెట్టే మొహం లేకపోయింది. మేస్త్రీ ఏడీ అని అడుగుతారు గదా! ఘాటీ ఎక్కి కొండల్లోకి వచ్చేశాడు. సంతలో ఎవరో "రంగంలో ఏటి సేసేవోడివి?" అని అడిగితే, "దొర బంగళాలో మాలీని" అన్నాడు. ఆ మాట అలా నిలబడిపోయింది. దాని వల్లే తోటలో మొక్కలకి నీళ్ళు పోసే పని దొరికింది. రంగం పైడయ్య అనే పేరూ వచ్చింది. పెళ్ళి మాటెత్తితే "అదీ రంగంలోనే అయిపోయింది" అనేవాడు. అదీ అబద్ధమే. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకొకటి పెట్టుకుంటూ జుట్టు నెరిసిపోయింది.

ఇప్పుడు పచ్చిక నిజంగా పెంచాలి.

కొండవాళ్ళు కొత్త చిగురు కోసం ఏం చేస్తారో అదే చేశాడు. ముదిరిన గడ్డిని కోసి, మిగిలిన మోళ్ళకి నిప్పు పెట్టి, చుట్టూ పచ్చికొమ్మలు పట్టుకుని కాపలా కాశాడు. నేల తవ్వి రాళ్ళేరాడు. గెడ్డవాగు ఒడ్డు నించి గరిక వేళ్ళతో సహా తవ్వి తెచ్చాడు. జోగారావు పక్కన కూర్చుని ఒక్కొక్క వేరూ నీళ్ళల్లో కడిగి, పురుగుల గుడ్లేమైనా ఉన్నాయేమోనని భూతద్దంతో చూసి ఇస్తే, పైడయ్య నాటాడు. నేల అణగడానికి ఇప్పదుంగకి తాడు కట్టి అంతటా ఈడ్చాడు. రంగంలో గేటు బయట నించి చూసినవాటిలో పచ్చిక మీద అలా దిమ్మ దొర్లించడం ఒక్కటే బాగా గుర్తుంది.

జోగారావు భార్య చిన్నమ్మలు చేటతో బియ్యం చెరుగుతూ ఇదంతా చూసింది. "వాకిట్లో గడ్డి మొలిస్తే ఆ ఇల్లు పాడుబడిందంటారు మా వైపు. మీరు ఏరి కోరి మొలిపిస్తున్నారా?"

"ఇది వేరే గడ్డి, చిన్నమ్మలూ."

"గడ్డి గడ్డేగా. ఆవుని పిలిచి అడగండి, ఏం వేరో చెపుతుంది."

గరిక నాటుకుంది. ఫాల్గుణం వచ్చేసరికి లోయంతా ఎండి గోధుమరంగు తిరిగింది. కోతలయ్యాక కొండవాళ్ళు పశువుల్ని విడిచేస్తారు, మళ్ళీ విత్తులదాకా వాటికి కాపరి ఉండడు. లోయ మొత్తానికి పచ్చగా కనిపించేది ఆ వాకిలి ఒక్కటే. ఇక చెప్పాలా? ముళ్ళకంప కట్టినా మందలు మందలుగా వచ్చి కంప అవతల నిలబడి చూసేవి. తోటలో కూలికి వచ్చే కొండపిల్ల కనక ఊరుకునేది కాదు.

"రంగం మాఁవా! మా ఆవులు పొద్దస్తమానం నీ గడ్డినే కలవరిస్తన్నాయి. నువ్వేటి మందెట్టినావు?"

"పోయే, మాటకారి గుంటా!" అని కసిరేవాడు పైడయ్య, లోపల పొంగిపోతూ. తను ఏనాడో ఆడిన అబద్ధం ఇన్నాళ్ళకి వేరు తన్ని చిగురేసింది. పొద్దూ మాపూ కావిడితో నీళ్ళు మోశాడు. చాలినదానికంటే ఎక్కువే పోశాడు. నేల ఎప్పుడూ తడిగా ఉండేది. తడికి కప్పలు చేరాయి.

జోగారావు కప్పల్ని చూశాడు. కప్పల కోసం ఏమొస్తుందో అతను పుస్తకాల్లో చదివినవాడే. అందామని నోరు తెరిచాడు. కూలీల నవ్వు గుర్తొచ్చింది. 'పొద్దస్తమానం ఈ గడ్డిలోనే ఉంటాడు పైడయ్య. పామొస్తే అతనికి తెలియదా?' అనుకుని నోరు మూసుకున్నాడు.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. ఆ పండక్కి కొండల్లో మగవాళ్ళంతా వేటకి పోతారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురుబొంగు పట్టుకుని వచ్చేపోయేవాళ్ళ దగ్గర కానుక పుచ్చుకుంటారు. వేట దొరక్క వట్టిచేతులతో వచ్చిన మగవాడి నెత్తిన పేడనీళ్ళు కుమ్మరిస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్ల గోడ పట్టుకుని నిలబడడం మొదలెట్టింది. అడుగులకి అరిసెలు వండాలి గదా అని చిన్నమ్మలు పాకం పట్టింది. పండగనాడు పొద్దెక్కాక పిల్లని పచ్చిక మీద దింపుదామనుకున్నారు.

ఆ వేళ తెల్లారగట్ట పైడయ్య నీళ్ళకావిడితో వచ్చాడు. పచ్చిక అంచున, ఇప్పదుంగ దగ్గర, తెల్లగా ఏదో మెరిసింది. వంగి చూశాడు. కుబుసం. మూరెడు పైనే ఉంది. ఇంకా తడి ఆరలేదు.

అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. చెపితే మధ్యాహ్నంలోగా పచ్చికంతా తవ్వించేస్తారు. "రంగంలో పామొస్తే ఏం చేసేవాడివి?" అని బాబు అడుగుతారు. ఏమని చెప్పాలి? కర్రతో గడ్డి మీద కొట్టుకుంటూ ఒక చుట్టు తిరిగాడు. ఏమీ కదల్లేదు. పోయే పామయ్యుంటుంది, పోయింది, అనుకున్నాడు. కుబుసాన్ని చుట్ట చుట్టి మొలలో దోపుకున్నాడు.

పొద్దెక్కాక జోగారావు అడిగాడు. "అంతా చూశావా, పైడయ్యా?"

"సూసినాను బాబూ. ఏటీ నేదు."

ఆ మాట అంటున్నప్పుడు మొలలో కుబుసం గరగరమంది. తనకి తప్ప ఎవరికీ వినపడలేదు.

కనకా, నలుగురైదుగురు ఆడవాళ్ళూ వెదురుబొంగుతో, పేడనీళ్ళ కుండతో వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. చిన్నమ్మలు నవ్వుతూ అరిసెల పళ్ళెం తెచ్చింది.

"మగోళ్ళందరూ అడివికి పోతే నువ్విక్కడ గడ్డికి కాపలా కాస్తన్నావేటి మాఁవా?" అంది కనక. "ఏటకెళ్ళనోడికి కూడా కుండ సిద్దంగానే ఉంది సుమీ!"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. పిల్లని దింపారు. తల్లి వేలు వదిలి ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్ల కూలబడింది. ఎదురుగా కప్ప ఒకటి ఎగిరింది. కిలకిలమంటూ పిల్ల దాని వెనక పాకింది. కప్ప దుంగ వైపు దూకింది. పిల్లా అటే.

పైడయ్య ఎలా ఉరికాడో అతనికే తెలియదు. పిల్లని ఒంటిరెక్క పట్టుకుని పైకి లాగేశాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. కాలు తగిలి అరిసెలు మట్టిపాలయ్యాయి.

"ఏమైంది? ఏమైంది?" జోగారావు కర్ర అందుకున్నాడు.

"పాము బాబూ... పాముంది."

గడ్డంతా వెతికాడు జోగారావు. గడ్డిపోచ తప్ప ఏమీ లేదు. కనక కడుపు పట్టుకుని నవ్వింది. "కప్ప! కప్పని సూసి జడిసిపోనాడు రంగం మాఁవ!" అందరూ నవ్వారు. జోగారావు కూడా నవ్వేశాడు. చిన్నమ్మలు పిల్ల ఒళ్ళు తుడిచి, "పోనీలే, మళ్ళీ అడుగెయ్యి తల్లీ" అంటూ కిందికి వంగింది.

పైడయ్య కూడా నవ్వేసి ఊరుకోవచ్చు. అంతటితో సరిపోయేది. అతని చెయ్యి మొలలోకి పోయింది.

"దించకు తల్లీ."

అరచేతిలో కుబుసం విప్పి చూపించాడు. నవ్వులు ఆగిపోయాయి.

"ఇదెప్పుడు దొరికింది?" అన్నాడు జోగారావు.

"తెల్లారగట్ట."

జోగారావు కర్ర పక్కన పడేశాడు. భార్య చేతుల్లోంచి పిల్లని తీసుకుని వరండా ఎక్కేశాడు. తిట్టినా బాగుండుననిపించింది పైడయ్యకి. కనక దగ్గరికి పోయి తల వంచాడు. "పొయ్యి. నా మీద పొయ్యి."

కనక కుండ వెనక్కి తీసుకుంది. "పండగ పూట ఏటి మాటలు మాఁవా?" అని మెల్లిగా అని, తనవాళ్ళని తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం వేట నించి తిరిగొచ్చిన మగవాళ్ళు వచ్చి దుంగ దొర్లిస్తే కిందనించి పాము లేచింది. జెర్రిపోతు. పైడయ్య మొహం చూడలేక జోగారావే దగ్గరికొచ్చి అన్నాడు. "దీనికి విషం ఉండదు పైడయ్యా. కరిచినా ప్రమాదం లేదు."

"పొద్దుట నాకది తెల్దు గదా బాబూ."

పైడయ్య నేల చూస్తూ చెప్పేశాడు. "నేను మాలీని కాను. రంగంలో మూటలు మోసినోణ్ణి."

"ఆ సంగతి మాకు తెలియకనా?" అంది చిన్నమ్మలు గుమ్మంలోంచి. "మా నాన్నది ధాన్యం వర్తకం. మూటలు మోసిన మెడ ఎలా ఉంటుందో చిన్నప్పటినించీ చూశాను. నిన్ను చూసిన వారానికే ఈయనకి చెప్పాను. పోనీ పాపం, చెప్పుకోనీ అన్నారు."

పైడయ్య అరుగు మీద చతికిలబడ్డాడు. ఎవరి ముందు దాచాలని పిల్ల ప్రాణాన్ని పందెం ఒడ్డాడో, వాళ్ళకి అది ఏనాడో తెలుసు. దాచడానికి అక్కడేమీ మిగిలి లేదు.

మర్నాడు ఎవరూ చెప్పకుండానే పచ్చికంతా తవ్వి, నేల చదును చేసి అలికాడు. ఆ తరవాత చాలా రోజులు పిల్ల ఎదురైతే తప్పుకుపోయేవాడు. దానికేం తెలుసు, "పయ్యా, పయ్యా" అంటూ వెంటపడేది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం పిల్ల కట్టెలమోపు పక్కన ఆడుతోంది. జోగారావు వరండాలో నిలబడి ఆ మోపునే చూస్తున్నాడు. పెదవులు బిగుసుకుపోయి ఉన్నాయి.

"ఏటి బాబూ?" అన్నాడు పైడయ్య.

"ఏం లేదు. ఊరికే."

ఆ 'ఏం లేదు' పైడయ్యకి తెలిసిన మాటే. వెళ్ళి పిల్లని ఎత్తుకొచ్చి తండ్రి చేతికిచ్చి, చెప్పవలసింది చెప్పాడు. అప్పటినించీ జోగారావు తాడుముక్క చూసినా కేక వేస్తాడు. తోటంతా నవ్వుతుంది. చిన్నమ్మలు కూడా నవ్వుతుంది. అతను మాత్రం కేక వెయ్యడం మానలేదు. ఆ వేళ పైడయ్య అన్నదిది:

"పిల్లకాడ భయమేత్తే మింగీకు బాబూ. బేగి అరిసీయి. ఏటీ నేకపోతే నవ్వుతారు. నవ్వనీ."