రెండు కొమ్మల దూరం

విస్తళ్లు కుట్టే అడ్డాకు వాడిపోతే ఒక వగరు వాసన వస్తుంది. ఇవాళ విశాఖ ఎయిర్‌పోర్టు గేటు బయట మా మేనకోడలు ఆ ఆకులో చుట్టిన రాగిపిండి చోడిరొట్టెల పొట్లం నా చేతిలో పెట్టగానే ఆ వాసనకి సత్యవతి సిస్టరమ్మ గుర్తొచ్చింది. విమానం ఎగిరేముందు దారి, దూరం, గాలి, ఇంధనం లెక్కగట్టి పైలట్‌కి కాగితమిచ్చే ఉద్యోగం నాది. ఈ పనిలో నా తొలి గురువు ఏనాడూ విమానమెక్కని నర్సమ్మ అంటే మా ఆఫీసులో నవ్వుతారు. నవ్వనీ!

ఆవిడ సాలూరు మనిషి. ముంచింగిపుట్టు దగ్గర మా కొండలకి నర్సుగా వచ్చిన కొత్తలో సంగతి. నేను ఆవిడ ఆసుపత్రి పక్కనే హాస్టల్లో తొమ్మిదో తరగతి. ఒకరోజు పొద్దెక్కాక మా అయ్య రొప్పుతూ కొండ దిగొచ్చాడు. వదినకి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందేమోనని భయం. అయ్యకి తెలుగు రాదు, సిస్టరమ్మకి మా మాట రాదు. మధ్యలో మాట చెప్పడానికి నన్ను పిలిపించారు.

"ఏటే గుంటా, మీ ఊరెంత దూరమంట?"

"ఆరు కిలోమీటర్లు," అన్నాను.

"ఓస్, అంతేనా! ఐతే డోలీ కట్టి దించీమను. నాను జీపు పిలుస్తాను."

అది చెప్పగానే అయ్య తల అడ్డంగా ఊపి, చేతిలో వాడిపోయిన అడ్డాకు కొమ్మ చూపించి రెండు వేళ్లెత్తాడు.

"మీ అయ్య రెండంటన్నాడు, నువ్వు ఆరంటన్నావు. ఏటిది?"

చెప్పక తప్పలేదు. మావాళ్లు బయల్దేరేటప్పుడు ఎండకి నెత్తిన పచ్చికొమ్మ విరిచి పెట్టుకుంటారు. అది వాడేదాకా నడిస్తే ఒక కొమ్మ దూరం. మా ఊరు రెండు కొమ్మలు, అంటే నాలుగు గంటల పైనే. ఆ మాట అనడానికి నాకు నామోషీ. బడిలో మ్యాపు మీద స్కేలు పెట్టి నేనే కొలిచిన ఆరు చెప్పి, చదువుకున్నదాన్ననుకున్నాను.

"ఓలమ్మో! ఈయనెల్లి మోసుకొచ్చీసరికి దార్లోనే పోద్ది కదే!" అంటూ సంచీ భుజానేసుకుంది. "నడు, బేగి నడు."

రబ్బరు చెప్పులతో ఆ కొండంతా ఎక్కింది, నన్ను తిడుతూనే. "మీ స్కేలు కొండెక్కిందేటే? మనిసి ఎక్కాల. ఎంత దూరమో కాదు, ఎంతసేపో సెప్పాల. మీ అయ్యకున్న గేనం నీకేదీ?"

రెండో కొమ్మ వాడే వేళకి ఇల్లు చేరాం. కాసేపటికే కాళ్లు ముందుగా ఆడపిల్ల పుట్టింది, మెడకి పేగు చుట్టుకుని. వదినకి రక్తం ఆగలేదు. సిస్టరమ్మ చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఇద్దరూ దక్కారు. అయ్య కాళ్లమీద పడబోతే, "నాకెందుకు, నీ కొమ్మకి మొక్కు," అంది. నేను గోడవార కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆ వారమే తన గది గోడమీద ఊళ్ల పేర్ల పక్కన కిలోమీటర్లు కొట్టేసి, నన్ను అడిగడిగి కొమ్మలు రాసుకుంది.

ఆవిడ పోయి రెండేళ్లైంది. ఇప్పటికీ కాగితం మీద సంతకం పెట్టేముందు మైళ్లు చూసి ఊరుకోను. ఎదురుగాలి ఉన్నరోజు అవే మైళ్లకి వేరే నిమిషాలు పడతాయి. ఆవిడ తిట్టు చెవిలో ఉన్నందుకు ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో.

ఇవాళ హైదరాబాదు వెళ్తున్నది ఆ రోజు పుట్టిన పిల్లే, నర్సు ఉద్యోగంలో చేరడానికి. తొలి విమానం. గేటు దగ్గర నా చెయ్యి వదలకుండా, "అత్తా, చాలా దూరమా?" అంది.

ఆ విమానం కాగితం పొద్దున్న నేనే తయారుచేశాను. మైళ్లు నోటికొచ్చాయి, మింగేశాను.

"ఒక్క కొమ్మైనా వాడదే," అన్నాను. "బేగి నడు."