చిగురాకుల లెక్క

ఆ ఏడాది నాకు అన్నిటిమీదా విసుగే. పరిశోధనకని యానాం నుంచి పుదుచ్చేరి వచ్చి ఐదేళ్ళయింది. బిళ్ళగన్నేరు తన ఆకుల్లో ఉండే, క్యాన్సర్‌కి వాడే చేదు మందును ఏ దారిన తయారుచేసుకుంటుందో తేల్చడం నా పని. మామూలు కార్బన్ కంటే కాస్త బరువైన కార్బన్ ఒకటుంది, హాని లేనిది. దాన్ని ఒకే ఒక్క చోట అమర్చిన గ్లూకోజును కొమ్మకు తాగించాలి. తర్వాత ఆకులోంచి తీసిన మందులో ఆ బరువు ఎక్కడెక్కడ తేలిందో యంత్రంలో చూడాలి. పెళ్ళిలో కలిసిపోయిన గిన్నెలు ఎవరింటివో వాటిమీద చెక్కిన పేర్లు చూసి చెప్పినట్టే. వినడానికి బాగానే ఉంటుంది. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ ఏమీ తేలలేదు.

మూడోసారికి గ్లూకోజు అడుగంటింది. మళ్ళీ తెప్పించేది లేదని, ఇదే ఆఖరని మా గైడు చెప్పేశారు. ల్యాబులో మొక్కల గది లైట్లు పాడై నెలయింది. బాగుచేయించమని తిరిగి తిరిగి నా కాళ్ళు అరిగాయి. చివరికి ఉన్న గ్లూకోజంతా పోసిన పన్నెండు సీసాల్లో పన్నెండు కొమ్మలు పెట్టి, మూలకుళంలో నేను అద్దెకున్న ఇంటి వరండాకే తెచ్చుకున్నాను. నాకు కావలసింది కొసల్లోని చిగురాకులే.

ఇంటాయనది తాతల కాలం నుంచి అక్కడే ఉన్న తెలుగు రైతు కుటుంబం. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. ఇద్దరం ఒకే గేటు తీసి లోపలికొచ్చేవాళ్ళం, అంతే. మాట్లాడే ఓపిక నాకుండేది కాదు.

మూడో రోజు పొద్దున చూస్తే ఎనిమిది కొమ్మల కొసలు గిల్లేసి ఉన్నాయి. ఆయన మెట్లమీద కూర్చుని ఏదో నములుతున్నారు.

"ఏం తింటున్నారు బాబాయ్ గారూ?"

"ఈ ఆకే తంబీ. షుగరుకి రొంబ మంచిదంట. పెరట్లో చెట్టు మోడైపాయ. నీకాడ లేతగా ఉండాయే అని గిల్లినా."

నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. నా ఐదేళ్ళూ ఆయన నోట్లో నలుగుతున్నాయి. అరిచే సత్తువ లేక ఒక్కటే అడిగాను.

"ఎన్ని తిన్నారు? నిన్న కూడా తిన్నారా?"

ఆయన నమలడం ఆపి నావైపు చూశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీకాడ గిల్లింది ఈ పొద్దే తంబీ. మాత్తిర వేసుకుంటే తల తిరగతా ఉండాది. నిలిపేసి రెండు నెల్లాయ. దినామూ ఈ ఆకే. ఎవురికీ చెప్పలా. ఏంది, ఏమన్నా అవుతాదా?"

అవుతుంది. నా బరువు కార్బన్ వల్ల కాదు, ఆ ఆకు వల్ల. దానిలో ఏముందో, ఎక్కువైతే మనిషిని ఏం చేస్తుందో నా థీసిస్ మొదటి అధ్యాయంలో నేనే రాశాను. పెరట్లో చెట్టు రెండు నెలలుగా మోడవుతుంటే చూసి, మేకలనుకున్నాను. ఆయన చొక్కా వదులవడం కూడా అప్పుడే కనిపించింది. సిగ్గేసింది.

సీసాలు అక్కడే వదిలేసి ఆయన్ని ఆసుపత్రికి బయలుదేరదీశాను. బస్సులో పక్క సీటు పెద్దావిడకు ఆయన నన్ను చూపించి గర్వంగా చెప్పారు.

"మా ఇంట్లో ఉండే తంబి. మా ఆడది పోయినాంక, ఏం తిన్నావు, ఎన్ని తిన్నావు అని నన్ను అడిగింది ఈయనొక్కడే."

నేనడిగింది, మిగిలిన నాలుగు కొమ్మలు నా పనికి సరిపోతాయో లేదో తెలుసుకోవడానికి.