మేడం వరండాలో రిజిస్టరు

గత గురువారం పొద్దున తార్నాకలో మా మేడం చనిపోయారు. నిద్రలోనే వెళ్లిపోయారని ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. నేనప్పుడు సీతాఫల్‌మండిలో మా ఇంటి మెట్లు దిగుతున్నాను. ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. పక్కింటావిడ నీళ్లు తెచ్చిచ్చి, ఎవరు పోయారు, చుట్టాలా అని అడిగింది. ఏమని చెప్పను? యూనివర్సిటీలో ముప్పై ఏళ్లు కార్మిక చట్టాలు బోధించి రిటైరైన మనిషికీ, ఇంటర్‌తో చదువు ఆపేసి ఎయిర్‌పోర్టులో సామాన్ల ట్రాక్టర్ నడిపిన నాకూ ఏం చుట్టరికం? అయినా చుట్టమే అన్నాను. అబద్ధం ఆడినట్టు అనిపించలేదు.

ఆ ట్రాక్టర్ సంగతి కొంచెం చెప్పాలి. ప్రయాణికుల పెట్టెలు వేసే ట్రాలీలను నాలుగైదు వరసగా తగిలించుకుని విమానం దాకా లాక్కెళ్లే చిన్న బండి అది. ఒక కాంట్రాక్టు కంపెనీ కింద దాన్ని నడిపేదాన్ని. చీరకొంగు లాంటి అడ్డాలేవీ లేని ఆ యూనిఫాం వేసుకుని స్టీరింగ్ పట్టుకుంటే నాకు నేనే రాణిని. ఒకరోజు పొద్దున ట్రాలీ కొక్కెం తగిలిస్తుంటే వెనక ట్రాలీ ముందుకు జరిగింది. ఎడమ చెయ్యి మధ్యలో పడి రెండు వేళ్లు పోయాయి.

మా సూపర్‌వైజర్ తన జీపు వెనక సీట్లో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోయాడు. అంతవరకు మంచివాడే. దారిలో మాత్రం, "ఎయిర్‌పోర్టుల తగిలిందని రాస్తే ఎంక్వైరీ అయితది. బ్యాచ్ మొత్తం గేటు పాసులు ఆపేస్తరు. పన్నెండు మంది ఇండ్లల్ల పొయ్యి వెలగది, ఆలోచించుకో" అన్నాడు. ఇంట్లో గ్రైండర్‌లో చెయ్యి పడిందని ఆస్పత్రి కాగితం మీద రాయించాడు. నేను సంతకం పెట్టాను. ఆ క్షణాన పోయిన రెండు వేళ్ల కంటే ఆ పన్నెండు మందే ఎక్కువనిపించారు. నెల తిరిగేసరికి కంపెనీ అసలు రంగు చూపించింది. నువ్వు ఆ రోజు డ్యూటీ మధ్యలోనే ఇంటికి వెళ్లిపోయావు, ఇంట్లో తగిలిన దెబ్బకు మాకేం సంబంధం అంది.

మా అమ్మ క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో వంట చేసేది. పనిలో దెబ్బలు తగిలినవాళ్లకు అర్జీలు రాసిపెట్టే మేడం ఒకరు తార్నాకలో ఉన్నారని ఎవరో చెబితే నన్ను లాక్కుపోయింది. వరండాలో ఒక టేకు బల్ల, దాని మీద పొడుగాటి రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను. మేడం ముందు నా పేరు రాసుకున్నారు. పక్కన వచ్చిన టైము రాసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఇక్కడ కూడా హాజరు వేసుకోవాలా అని అనేశాను. "గీ పిల్లకు నోరెక్కువ మేడం. వేళ్లు పోయినయ్ గని నోరు తగ్గలే" అని అమ్మ తల కొట్టుకుంది.

మేడం నవ్వలేదు, కోప్పడలేదు. ఆమెది గుంటూరు వైపు, ఎన్నేళ్లు ఇక్కడున్నా ఆ యాస పోలేదు. "మీరు ఎప్పుడొచ్చారో ఎప్పుడెళ్లారో రాసేది ఎప్పుడూ యజమానే కదమ్మా. ఒక్కచోటన్నా మీ తరఫున రాసి ఉండాలి" అన్నారు. మనిషి లేచి మెట్లు దిగుతుంటే వెళ్లిన టైము కూడా రాసేవారు. అది రాయకుండా ఎవరినీ పంపలేదు.

నేను ఏడుపు అందుకోగానే ఆపేశారు. "నెప్పి సంగతి తర్వాత చెబుదువుగాని. ముందు ఆ రోజు పొద్దున లేచి ఏం చేశావో చెప్పు." చెప్పుకుంటూ వచ్చాను. సంతకం సంగతి కూడా చెప్పేశాను. చదువుకున్నదానివి ఎలా పెట్టావని తిడతారనుకున్నాను. మేడం ఆ మాట ఎర్ర ఇంకుతో రాసుకుని, దీన్ని అర్జీ మొదటి పేజీలోనే పెడదామన్నారు. మనం దాచింది వాళ్లు తీస్తే మనది అబద్ధమవుతుంది, మనమే చెబితే వాళ్లది అవుతుంది అని ఆమె లెక్క. నా జీతం ఈఎస్‌ఐ బీమా హద్దుకు కొంచెం పైన ఉండేది కాబట్టి, కేసు లేబర్ ఆఫీసులో నష్టపరిహారాల కమిషనర్ ముందుకే వెళ్లాలని కూడా ఆ రోజే తేల్చారు.

ఆ వారంలోనే చెప్పాపెట్టకుండా మా ఇంటికొచ్చారు. ఆ వయసులో రెండంతస్తులు ఎక్కి, ఆయాసం తీరకుండానే వంటింట్లోకి నడిచి, గ్రైండర్ ఎక్కడ అని అడిగారు. మా ఇంట్లో మిక్సీ తప్ప గ్రైండర్ ఏనాడూ లేదు. ఆ మాట నాకు అంతవరకు తట్టనేలేదు. లేని గ్రైండర్‌లో చెయ్యి పెట్టినదాన్ని నేనేనని అమ్మతో సహా ముగ్గురం నవ్వుకున్నాం. దెబ్బ తగిలాక నేను నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత ఆదివారం మళ్లీ చెప్పమన్నారు. ఆ తర్వాత ఆదివారం ఇంకోసారి. చెప్పిందే చెప్పి నాకు విసుగొచ్చేది, ఆమెకు రాదు. నాలుగోసారి చెబుతున్నప్పుడు నా నోట ఒక ముక్క కొత్తగా దొర్లింది. జీపులో గేటు దాటేటప్పుడు నా పాసు జేబులోనే ఉంది, దాన్ని ఎవరూ టైము ఎక్కే మిషన్ మీద పెట్టలేదు అన్నాను. మేడం పెన్ను కింద పెట్టారు. "లోపలికి వెళ్లేటప్పుడు పెట్టావా?" పెట్టకుండా ఎట్ల పోనిస్తరు మేడం అన్నాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, అమ్మను పిలిచి, మన ముగ్గురికీ కాఫీ పెట్టమ్మా అన్నారు. ఇక భయం లేదన్నమాట. ఆమె ధైర్యం చెప్పే పద్ధతి అంతే.

కేసు నడుస్తుండగానే ఒకరోజు గెస్ట్ క్లాసుకని నన్ను క్యాంపస్‌కు తీసుకువెళ్లి లా పిల్లల ముందు నిలబెట్టారు. ఈ రోజు పాఠం ఈవిడ చెబుతుంది అని తాను వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. రెండు కుర్చీలు అడ్డం పెట్టి, కొక్కెం ఎలా తగిలిస్తారో, చెయ్యి ఎక్కడ పడిందో చూపించాను. ముందు వరసలో ఒక పిల్లవాడు, చదవకుండా ఎందుకు సంతకం పెట్టారు అని అడిగాడు. "హాస్టల్ ఫారం మీద వార్డెన్ సంతకం పెట్టుమంటె నువ్వు చదివి పెడ్తవా తమ్మీ?" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా వినపడింది మేడం నవ్వే. తిరిగి వచ్చేటప్పుడు ఆటోవాడితో దారి గురించి ఎప్పటిలాగే పోట్లాడి, నా వైపు తిరిగి, బాగా చెప్పావు అన్నారు. ఆ ఒక్క మాట నాకు డిగ్రీ పట్టా.

విచారణ రోజున కమిషనర్ అనుమతితో మేడమే నా తరఫున మాట్లాడారు. గేటు రికార్డులు తెప్పించమని అంతకుముందే అర్జీ పెట్టారు. ఆ కాగితంలో ఆ రోజు నేను పొద్దున ఐదు నలభైకి లోపలికి వెళ్లినట్టు ఉంది. బయటికి వచ్చిన టైము ఖాళీగా ఉంది. తొమ్మిదింటికల్లా ఆస్పత్రిలో చేరినట్టు వాళ్లు పెట్టిన కాగితమే చెబుతోంది. మేడం గొంతు పెంచలేదు. "మీ రికార్డు ప్రకారం ఈ అమ్మాయి ఆ రోజు బయటికి రానేలేదు. మరి ఇంట్లో గ్రైండర్ దగ్గరికి ఎలా వెళ్లింది?" కంపెనీ మనిషి ఫైలు తిప్పాడు, మళ్లీ తిప్పాడు. సూపర్‌వైజర్ తల వంచుకుని, జీపులో తానే తీసుకుపోయానని ఒప్పుకున్నాడు.

ఉత్తర్వు వచ్చాక మేడం అందులో ఒక్క వాక్యం నాతో పైకి చదివించారు. ఈ గాయం పని వల్ల, పనిలో ఉండగా తగిలినది. ముప్పై ఏళ్లు క్లాసులో ఆ ముక్కే చెప్పానమ్మా అన్నారు. నాకు కావలసింది కూడా అదే. నేను అబద్ధాలకోరును కానని ఒక సర్కారు కాగితం మీద రాసి ఉండాలి. రాశారు. పన్నెండు మంది పాసుల్లో ఒక్కటి కూడా ఆగలేదు.

అప్పటినుంచి ఆదివారాలు నేనూ ఆ వరండాలోనే. లోడర్లు, విమానాలు ఊడ్చేవాళ్లు, వీల్‌చైర్లు తోసేవాళ్లు వచ్చేవారు. రిజిస్టరులో రాయడం మాత్రం నాకు అప్పగించలేదు, పెన్ను మేడం చేతిలోనే. ఆమె పోయేముందు ఆదివారం ఇద్దరమే ఉన్నాం. మాట్లాడుతూ మాట్లాడుతూ కుర్చీలోనే కునుకు తీశారు. లేపబుద్ధి కాక, దుప్పటి కప్పి చప్పుడు చేయకుండా మెట్లు దిగి వచ్చేశాను.

సమాధి దగ్గర ప్రార్థన అయిన మూడోరోజు, అంటే నిన్నటి ఆదివారం, మళ్లీ ఆ వరండాకు వెళ్లాను. మేడం చెల్లెలు తలుపు తీశారు. మేమిద్దరం కూర్చున్నామో లేదో, పాదానికి కట్టుతో ఒక పెద్దాయన కుంటుతూ మెట్లెక్కాడు. సామాన్ల బెల్టు దగ్గర పెట్టె కాలి మీద పడిందట. మేడం పోయిన సంగతి అతనికి తెలియదు. చెల్లెలు నా వైపు చూసి రిజిస్టరు ముందుకు జరిపారు. తెరిస్తే చివరి వరసలో నా పేరు. వచ్చిన టైము ఐదూ పది. పక్క గడి ఖాళీ. అది కూడా నింపేయమ్మా అని ఆవిడ పెన్ను ఇచ్చారు.

నేను నింపలేదు. దాని కింద ఆ పెద్దాయన పేరు రాశాను, వచ్చిన టైము రాశాను. అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నొప్పి సంగతి తర్వాత చెప్పు పెద్దయ్యా. ముందు ఆ రోజు పొద్దుగాల లేచి ఏం చేసినవో చెప్పు."

అతను కళ్లు తుడుచుకున్నాడు.

"నాలుగింటికి లేచిన, మేడం" అన్నాడు.