నమ్మకం కుదరని వించ్

వారానికోసారి బావమరిది నడిపే బండ్ల విడిభాగాల కొట్టుకు వచ్చి, బురదదారుల్లో తిప్పే తన బండికి వించ్ బేరమాడడం అనుమానాల బావకు అలవాటు. కొనకుండా వెళ్ళిపోవడం అంతకంటే గట్టి అలవాటు. దిగబడ్డ బండిని తాడు చుట్టుకుంటూ బయటికి లాగే ఆ యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, మోటారు తిప్పించి, చెవి ఆనించి వింటాడు. ఉక్కు తాడైతే పోగు లేచి చెయ్యి కోస్తుందంటాడు. నైలాన్ తాడైతే ఎండకు చీకిపోతుందంటాడు. “దీన్ని నమ్మొచ్చంటావా?” అని అడిగి, జవాబు వినకుండానే పెదవి విరుస్తాడు. విప్పిన పెట్టెలన్నీ మళ్ళీ సర్దేసరికి బావమరిదికి తల ప్రాణం తోకకొస్తుంది.

మొన్నటి వానకు తోట వాలులో బావ బండి ఇరుసు దాకా కూరుకుపోయింది. ఫోను చేస్తే బావమరిది తన బండేసుకుని వచ్చాడు. దాని ముందు బిగించి ఉన్నది, పోయిన వారం బావ పనికిరాదన్న వించే. కొక్కెం తగిలించి మీట నొక్కగానే బండి బురదలోంచి సగం పైకి లేచింది.

“ఇప్పటికైనా ఒప్పుకుంటావా బావా?”

మోకాళ్ళ దాకా బురదతో నిలబడ్డ బావ మోటారు వైపు చెవి వంచాడు. “లాగుతోందిలే. కానీ ఆ చప్పుడే... ఎందుకో నమ్మకం కుదరట్లేదురా.”

బావమరిది మీటను రెండో వైపు నొక్కాడు. బండి మెల్లగా మళ్ళీ బురదలోకి దిగింది.